కాశప్ప నెత్తురు మానిండు

మా అత్త బసమ్మ ముంగట మాంసం పేరెత్తొద్దు. "యాట" అన్న మాట ఇనపడ్డా సరే, కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంటది. మేము లింగాయతులం. పొద్దుగాల మెడలున్న లింగాన్ని అరచేతుల పెట్టుకుని పూజ చేసుకోనిదే ఆమె చాయ్ నీళ్లు కూడ ముట్టదు. అసొంటి ఇంట్ల, పోయిన ఎండకాలం, నా బిడ్డ దీపిక జొన్నరొట్టె తింటు తింటు ఆపి, "నేను ప్రణయ్‌ని చేసుకుంట" అన్నది.

ప్రణయ్ ఎవలంటె, ఝరాసంగం పిలగాడు. దీపికతోటి డిగ్రీ చదివిండు, ఇప్పుడు ట్రాక్టర్ల కంపెనీల పని చేస్తున్నడు. ఊర్ల పొలమున్నది, ఇల్లున్నది, మనిషి బుద్ధిమంతుడు. ఒక్కటే చిక్కు. వాళ్లింట్ల ఐతారమొస్తె యాట ఉడుకుతది.

మా ఆయన చెన్నబసప్ప చెయ్యి కడుక్కుని లేచిండు. "అమ్మ ఒప్పుకుంటె నాదేం లేదు" అన్నడు. పెండ్లైనకాడికెళ్లి నేను ఇంటున్నది గదే మాట. చీర కొనాల్నన్నా అమ్మ, ఫ్యాను కొనాల్నన్నా అమ్మ. ఇగ బిడ్డ పెండ్లికి అమ్మ గాక ఇంకెవలు?

అమ్మ ఏమన్నది? "ఊరు దేవుని ఊరే, కాదన. సంగమేశ్వరునికి నేను గూడ దండం పెడ్త. కని లింగం కట్టిన పిల్లను తీస్కపోయి యాట ఉడికే పొయ్యి కాడ నిలవెడ్తనా? నా పానం ఉండంగ కాదు." పిలగాన్ని కండ్ల చూడలే, చూడకుంటనే కొట్టి పారేసింది. అప్పటికప్పుడు హుమ్నాబాద్‌ల చుట్టాలకు ఫోన్ కొట్టింది. ఆడ ఎవలో పిలగాడున్నడట, బట్టల దుకాణమట, ఉల్లిగడ్డ కూడ తినడట. అమాస పోయినంక పిల్లను చూడ వస్తమన్నరు.

దీపిక ఏడ్వలే. ఏడిస్తె నాకు జర నయముండు. రొట్టె పక్కకు పెట్టి, పోయి టాకీసుల టికెట్ల కిటికీ కాడ కూసున్నది. ఆనాటి నుంచి తిండి సగమైంది, మాట పావైంది. నాకు ముద్ద దిగుడు బందైంది.

టాకీస్ మాదే, మా మామ కట్టించింది. ఇల్లు దానెనకనే. కాంటీన్‌ల మిర్చీలు, సమోసలు నేను చేస్త. సర్కారు కొలువు పరీక్షకు చదువుకుంట దీపిక టికెట్లిస్తది. మా ఆయన లోపటికి బయటికి తిరుగుకుంట ఫోన్ల మాట్లాడుతడు. ఆయన పని గదే.

ఆ ఎండల్ల పెద్ద పెద్ద సినిమాలన్ని రిలీజ్ గాకుంట ఎనుకకు పోయినయి. హాలు ఖాళీ ఉంటున్నదని ఈయన హైదరాబాద్ ఏజెంటును సతాయిస్తె, ఆయన ఒక జపాన్ బొమ్మల సినిమా అంటగట్టిండు. పోస్టర్ మీద ఎర్రటి చందమామ, ఉరుకుతున్న రైలు మీద నిలవడ్డ పిలగాడు, వాని చేతుల వానికంటె పొడుగు కత్తి.

"ఇది తెలుగుల మాట్లాడుతదా?" అని అడిగిన.

"మాట్లాడుతదట" అన్నడు.

బొమ్మల సినిమా అంటె మా ఆయనకు ఎర్కున్నది పిల్లి, ఎలుక ఉర్కుడు ఒక్కటే. ఆటోకు మైకు కట్టించి జహీరాబాద్‌ల గల్లీ గల్లీ, అటు చిరాగ్‌పల్లి దాకా తిప్పిచ్చిండు. "తరలి రండి! పిల్లాజెల్లతోటి కూసుండి నవ్వుకుంట చూడదగ్గ బొమ్మల సినిమా!" సినిమా ఏందో ఆయన చూసింది లేదు, సాటించుడు మాత్రం అయిపోయింది.

శుక్రారం మాట్నీకి తల్లులు పిల్లలను సంకనేసుకుని వచ్చిన్రు. టిఫిన్ డబ్బాలు, నీళ్ల సీసాలు, ఒకామె అయితె పిల్లగాని దిండు కూడ తెచ్చింది. సినిమా షురూ అయినంక తెలిసింది, అది జపాను భాషల మాట్లాడుతున్నది, కింద ఇంగ్లీషు అక్షరాలు పోతున్నయి. ఇప్పటి సినిమాలకు రీళ్ల డబ్బాలు ఉండవు, ఏజెంటు తాళం పంపిస్తె కంప్యూటర్ల బొమ్మ తెరుచుకుంటది. తెలుగు దానికి బదులు జపాను దాని తాళం పంపిండు. అది గూడ ఓర్చుకుందురు. పది నిమిషాలు కాలే, రైలు మీద ఒకని తలకాయ ఎగిరొచ్చి తెర ముంగట్నే పడ్డది. ఇంకొకడొచ్చి ఆ మెడకు నోరు పెట్టిండు.

పిల్లలంత ఒక్కసారి పెట్టిన కేకకు కాంటీన్ల నా చేతుల జల్లిగరిట కింద పడ్డది.

అందరికంటె ముందు బయటికొచ్చింది చిరాగ్‌పల్లి అంగన్‌వాడి టీచర్ బాలమణి. చెరొక సంకల ఒక మనుమడు. "ఏందన్నా ఇది? పిలగాండ్లు నవ్వుతరంటివి! మా చిన్నోడు లాగు తడిపిండు!"

"బొమ్మలే గదమ్మా" అన్నడు మా ఆయన, ఎనుకకు జరుక్కుంట. "నిజం నెత్తురైతె కాదు గద."

"నిజం నెత్తురు కావాల్నా? చూపిస్త ఆగు" అని ఆమె మనుమన్ని దించి చెప్పు దిక్కు వంగింది.

ఆ లొల్లికి మా అత్త ఇంట్లకెళ్లి కట్టె కొట్టుకుంట వచ్చింది. అందరి మాట ఇన్నది. కొడుకు మాట మాత్రం ఇనలే, అది ఆమెకు ముందుగాల్నే ఎర్క. "పైసలు వాపసియ్యి. పిల్లలకు తలా ఒక సమోస వెట్టు. రేపు నేనే కూసుండి చూస్త. మంచిది కాకుంటె తీసి పారెయ్యి" అన్నది. తీర్పు ఆమెది, సమోసలు నావి.

శనివారం మాట్నీకి హాలు కిసకిస నవ్వే కాలేజ్ పోరలు తప్ప ఖాళీ. ఆ పోరలకు మాత్రం ఈ సినిమా దేవుడు. పాలిటెక్నిక్‌ల చదివే వికాస్ అయితె, ఆ మండే ఎండల, సినిమాల పిలగాని లెక్క భుజాలకు నల్ల దుప్పటి కట్టుకుని వచ్చిండు. ఇంకొక మూల ప్రణయ్ కూసున్నడు. మొదటి షిఫ్టు దిగి ఆయన రోజూ మాట్నీకి వస్తుండె. సినిమా కోసం కాదు. టికెట్ కొనేటప్పుడు కిటికీల దీపిక చెయ్యి కనపడ్తది, గందుకు.

మా అత్తకు చదువొస్తది, కని కన్నడమొక్కటే. ఆమె పుట్టిల్లు బీదర్ దిక్కు. తెలుగు మాట్లాడుతది, చదవరాదు. ఇంగ్లీషు సంగతి చెప్పేదే లేదు. తెర మీద మాటలు షురూ కాంగనే గట్టిగ అడిగింది, "కింద ఏం రాసిన్రు?"

నేను గుమ్మం కాడ పర్ద పట్టుకుని నిలవడ్డ. మల్ల అడిగింది, ఈసారి కట్టెతోటి ముంగటి సీటు కొట్టుకుంట. అప్పుడు మూలకెళ్లి ఒక గొంతు వచ్చింది.

"నువ్వు మనిషివా, దయ్యానివా అని అడుగుతున్నదవ్వా ఆ పిల్ల."

ప్రణయ్ గొంతు!

"ఎవలు బిడ్డా నువ్వు?"

"ఝరాసంగం అవ్వా."

"దేవుని ఊరోనివి. ఇటొచ్చి నా ఎనక కూసో. చదువు."

పేరడగలే. శివుడా, నువ్వే కాపాడితివి అనుకున్న.

కథ ఏందంటె, నెత్తురు తాగే ఖాందాన్ల ఒక పిలగాడు పుడ్తడు, పేరు కాజూయా. గుడిల గంట కొట్టే పిల్ల మీద మనసు పడ్తడు. "ఆ పేరు నా నోట్ల తిరగది, కాశప్ప అను" అన్నది మా అత్త. ఆ గడియ నుంచి వాడు కాశప్పనే. అందాంక బానే ఉన్నది. అంతట్లనే కాశప్ప ఒక లావుపాటి సిపాయిని పట్టుకుని వాని మెడ మీదికి వంగిండు.

"ఏం చేస్తుండురా?"

ప్రణయ్ గుటక మింగింది నాకు గుమ్మం దాక ఇనపడ్డది. "చెవుల ముచ్చట చెప్తుండవ్వా."

"మరి వాడెందుకు కింద పడ్డడు?"

"చెడ్డ ముచ్చటవ్వా."

కాలేజ్ పోరలు గొల్లుమన్నరు. మా అత్త నవ్వలే. "ఆ ఎర్రగ కారేదేంది?"

"కుంకుమ."

"గింత కుంకుమనా?"

"జాతర నడుస్తుందవ్వా."

వికాస్‌కు ఇగ ఆగబుద్ధి కాలే, దుప్పటి సర్దుకుని లేచిండు. "అన్నా, తప్పు చెప్తున్నవ్! గట్ల రాసి లేదాడ!"

"దుప్పటోడా!" అన్నది మా అత్త, ఎనుకకు తిరగకుంటనే. "సలిజరమొస్తె దవాఖానకు పో. చదివేటోన్ని చదవనియ్యి."

ఆఖర్ల పెద్ద కొట్లాట. వాన, ఉరుములు, మిద్దె మీద గంట కొట్టే పిల్ల పడి ఉన్నది. కాశప్ప ఆమె చెయ్యి ఎత్తి మణికట్టు కాడ నోరు పెట్టిండు. తెర నిండా అదే. దీంట్ల కుంకుమ లేదు, జాతర లేదు.

"చెయ్యెందుకు కొరుకుతుండు?"

హాలంత ఊపిరి పట్టింది.

"పాము కరిచిందవ్వా. ఇషం తీస్తుండు."

ఈలలు, చప్పట్లు! సీట్ల మీదికెక్కిన్రు పోరలు. ఆ లొల్లి తగ్గినంక మా అత్త ఇంకొకటి అడిగింది. "వాళ్ల ఖాందాన్ మొత్తం తాగెటోళ్లే గద. ఈయన మానిండా?"

"మానిండవ్వా. ఆ పిల్ల కోసం."

ఆ మాట అన్నప్పుడు ప్రణయ్ గొంతు సినిమా చదివే గొంతు లెక్క లేదు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి, కొంగుతోటి తుడుసుకున్న. మా అత్త కట్టె పట్టుకుని లేచింది. "మంచిగున్నది. నడవనియ్యి. రేపు గూడ వస్త, నువ్వు గూడ రా" అన్నది.

ఈ ముచ్చట ఊర్ల ఎట్ల పాకిందో ఏమో, రెండ్రోజులల్ల హాలు సగం నిండింది, ఆపైన మొత్తం నిండింది. రాయికోడ్ నుంచి, ఝరాసంగం నుంచి ఆటోలు కట్టుకుని వచ్చిన్రు. ఆ జపానోళ్లు ఏం తీసిన్రో ఎవలికీ పట్టలే. బసమ్మ ఏమడుగుతది, ఎనక పిలగాడు ఏం చెప్తడు, గదే సినిమా. ఆయన గూడ రోజూ ఒక్క తీరు చెప్పకపోతుండె. కుంకుమ ఒకనాడు హోళీ రంగైంది, ఇంకొకనాడు మిరపతొక్కు డబ్బా పగిలింది. బాలమణి మల్ల వచ్చింది, ఈసారి మనుమండ్లను ఇంట్ల ఇడిసిపెట్టి. మా గల్లీ లింగాయతు ఆడోళ్లు విభూతి పెట్టుకుని వరుసగ కూసున్నరు, దయ్యాల సినిమా చూడనీకె.

వికాస్ కాంటీన్ కాడికొచ్చి నా మీద పడ్డడు. "ఆంటీ, ఆ సినిమాకు వాళ్లు ఏండ్ల కొద్ది కష్టపడ్డరు! కాజూయా నెత్తురు తాగకపోతె కథనే లేదు! మీరు ఇజ్జత్ తీస్తున్నరు!"

"కష్టపడ్డరు బిడ్డా, ఎవలు కాదన్నరు. సమోస తిను."

"తిన!" అన్నడు. తిన్నడు. తెల్లారి మల్ల వచ్చిండు. తప్పులు దొరకవట్టనీకె వచ్చిన అన్నడు గాని, పాము కాడ అందరికంటె ముందు ఈల కొట్టింది వాడే.

ఒకనాడు పొద్దుగాల మా అత్త దీపం వత్తులు చేసుకుంట తనలో తనే అన్నది. "పుట్టుడు మన చేతుల లేదు. మానుడు మన చేతులున్నది." ఇగ ఇప్పుడు అడగకుంటె ఎన్నడడుగుత?

"అత్తమ్మా, మరి గట్ల మానే పిలగాడు దొరికితె... మన దీపిక సంగతి..."

వత్తి నలుపుకుంటనే నా మొకం దిక్కు చూసింది. "మానితె చూద్దాం" అన్నది.

ఉరికిన నేను. దీపిక చెయ్యి పట్టుకుని, "మీ అవ్వ దారికొచ్చింది! ప్రణయ్‌ని ఒక్క మాట చెప్పుమను, మానిన అని. గంతే, పెండ్లి అయినట్టే" అన్న. నా బిడ్డ మొకం ఇంత సంబురం కావాల్సింది, ఇంకింత చిన్నగైంది. "ఆయన చెప్పడమ్మా" అన్నది. "మానలే గద."

"వారమంత జపానోళ్ల మీద అబద్ధాలాడుతుండు, ఇదొక్కటి ఆడరాదా?" అన్న. కోపమొచ్చింది నాకు, నిజంగ.

అమాస రానే వచ్చింది. తెల్లారి హుమ్నాబాదోళ్లు వస్తరు. ఆ అమాస నాడు మాట్నీ ముంగట మా ఆయన దీపావళి పటాకలు పేలినట్టు నవ్వుకుంట ఇంట్లకొచ్చిండు. "అమ్మా! తెలుగు తాళం వచ్చింది! ఇగ నీకెవలు చదివి చెప్పే పనే లేదు, సినిమానే తెలుగుల మాట్లాడుతది!"

పెండ్లైనకాడికెళ్లి ఈయనకు ఒక్క పని కాలే. కాక కాక ఇదొక్కటి గీనాడే కావాల్నా?

మా అత్త పోయి తన సీట్ల కూసున్నది. ప్రణయ్ ఎనక సీట్ల, తల ఒంచుకుని. హాలు నిండుగున్నది. తెర మీద మా కాశప్ప నోరు తెరిచిండు. "ఓ సుందరీ! నీ రుధిరం లేనిదే నేను జీవించలేను!" అన్నడు, పంతుళ్ల బడిల పద్యం అప్పజెప్పినట్టు. సిపాయి మెడ కాడికొచ్చెసరికి, "రక్తం! ఇంకా రక్తం కావాలి!" అన్నడు. ఎవలు నవ్వలే. ఈల లేదు, చప్పట్లు లేవు. అందరు సినిమా ఇడిసిపెట్టి మా అత్త మొకం చూస్తున్నరు. ఆమె రెప్ప కొట్టకుంట తెర చూస్తున్నది.

మిద్దె మీద వాన కాడికి వచ్చింది. ఆ పిల్ల చెయ్యి ముంగటికి చాపి, "తాగు కాజూయా, నా రక్తమంతా తాగు!" అన్నది.

ఆ నిశ్శబ్దంల ఎనక వరుసకెళ్లి వికాస్ మెల్లగ లేచిండు. "పామవ్వా" అన్నడు, ఏడుపు గొంతుతోటి. "అది పామే."

మా అత్త లైట్లేసినంక కట్టె పట్టుకుని బయటికి నడిచింది. గుమ్మం కాడ మా ఆయన, "ఎట్లున్నదమ్మా తెలుగుల?" అని అడిగిండు.

"ఏం బాలే. అన్ని తప్పులే చెప్తున్నరు. రేపటికెళ్లి పాతదే ఎయ్యి."

మెట్ల మీద ఆగింది. "ఝరాసంగపోడా, ఇట్రా."

ప్రణయ్ వచ్చి నిలవడ్డడు. కిటికీ కాడికెళ్లి దీపిక లేచొచ్చింది. నేను మిర్చీలు నూనెల్నే ఇడిసిపెట్టొచ్చిన, అవి మాడిపోయినయి.

"నువ్వు యాట తింటవా?"

నేను మా అత్త ఎనక నిలవడి తల అడ్డంగ ఊపిన, చెయ్యి ఊపిన, కండ్లతోటి మొక్కిన. తిననని చెప్పు నాయ్నా! ఒక్క మాట! ఆయన నన్ను చూసిండు. దీపికను చూసిండు.

"తింటనవ్వా. ఐతారమైతె తింట. మీ ఇంటికొచ్చేనాడు తిన. దీపిక వండే పొయ్యి మీద వండనియ్య. మొత్తం మానిన అని ఇయ్యాల చెప్తె, అది రేపు అబద్ధమైతది."

అయిపాయె అని నుదురు కొట్టుకున్న.

మా అత్త చాన సేపు ఆయన్నే చూసింది. "ఇన్ని రోజులల్ల నువ్వు నాకు చెప్పిన నిజం ఇదొక్కటే ప్రణయ్" అన్నది.

పేరు పెట్టి పిలిచింది! దీపిక నా చెయ్యి పట్టుకున్నది, గోర్లు దిగినయి.

"రెండు పొయ్యిలు పెట్టిపిస్తవా?"

"పెట్టిపిస్తనవ్వా."

"నడుమ గోడ?"

"గోడ కూడ కట్టిపిస్త."

"నాగీ" అన్నది నా దిక్కు తిరిగి, "వీనికి చాయ్ తెచ్చియ్యి. మిర్చీలు దొంగతనంగ రెండెక్కువ ఏస్తవ్ గద రోజు, ఇయ్యాల కనపడేటట్టె ఎయ్యి."

పొద్దుగూకంగ ఇంట్ల ఇద్దరమే ఉన్నప్పుడు అడిగిన. "అత్తమ్మా, నీకు మొదటికెళ్లి ఎర్కనేనా?"

"చదువు రాకుంటె కండ్లు గూడ లేవానే నాకు? కుంకుమ ఎక్కడన్న గట్ల కారుతదా? ఝరాసంగం అన్ననాడే వాడెవలో సమజైంది." వత్తుల డబ్బ ముంగటేసుకుని కూసున్నది. "నేను కొత్తగ కాపురానికి వచ్చినప్పుడు నాకు తెలుగు రాకుండె. మీ మామ ఇంత పెద్ద టాకీస్ కట్టిండు. రోజు తీస్కపోయి పక్కన కూసోవెట్టుకునేటోడు. ఏమంటున్నరు అని అడిగితె, నోర్మూసుకుని చూడు అనేటోడు. మల్ల గుర్క పెట్టేటోడు." ఒక వత్తి నలిపి డబ్బల ఏసింది. "వీడు ఉన్న కథ చెప్పిండు. లేని కథ గూడ నా కోసం అల్లి చెప్పిండు. షిఫ్టు దిగి, తిండి తినకుంట, రోజూ."

పోయి ఆమె పక్కన కూసుండి వత్తులు చేసిన.

తెల్లారి పూజైనంక విభూతి మొకంతోటే హుమ్నాబాద్‌కు ఫోన్ కలిపింది. కన్నడంల మాట్లాడింది, నాకు అర్థమైతది. "మీరు రావొద్దు" అన్నది. "మా పిల్లకు పాము కరిచింది."

అవతలికెళ్లి కేకలు ఫోన్ల నుంచి నాదాంక ఇనపడ్డయి.

"అయ్యో, ఫికర్ చెయ్యకున్రి" అన్నది మా అత్త. "ఇషం తీసేటోడు ఎనక సీట్లనే ఉండె."